మెదక్‌లో తిన్న సప్పిడి కూర

అక్క మొహం ఉబ్బితే "ఒళ్ళు చేసింది, అత్తగారిల్లు అచ్చొచ్చింది" అని అందరం మురిసిపోయాం. అరవైల నాటి మాట. కొన్నాళ్ళకు పాదాలు కూడా ఉబ్బాయి. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయేసరికి నాకు భయమేసింది. నర్సాపూర్‌లో అక్క ఇంటికి వెళ్ళి, మెదక్ దవాఖానాకు తీసుకుపోదామని బావ ప్రాణం తోడేశాను. పాపం, నాట్లు వదిలేసి బయలుదేరాడు.

నర్సాపూర్‌లో మొదటి బస్సు ఎక్కితే ఎండ ముదరకముందే మెదక్ చేరతాం. టికెట్‌కు అప్పట్లో రూపాయి పైచిలుకు. అడవి దాటి చాలాసేపు వెళ్ళాక, పొలాల మీదుగా చర్చి శిఖరం కనిపించింది. ఊరు వచ్చేసిందనుకుని అక్క లేవబోయింది. "ఇంక దూరమున్నదమ్మా, జర కూసోండ్రి. దవాఖానా కాడ్నే ఆపుత" అన్నాడు డ్రైవరు. అన్నట్టే ఆపాడు.

దవాఖానాలో డాక్టరమ్మ అక్క మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి స్పిరిటు దీపం మీద కాచింది. అది చూస్తుండగానే ఉడికిన గుడ్డు సొనలా తెల్లగా విరిగింది. అంత చిన్న దీపంతో మనిషి లోపలి సంగతి తెలుసుకోవచ్చా అని నోరు తెరుచుకుని చూశాను.

"గుర్దాలు, గదే కిడ్నీలు, నెత్తుర్ని వడగడ్తయమ్మా. చెడ్డది బయటికి పంపి మంచిది ఉంచుతయి. నీయి మంచిదాన్ని గూడ ఇడిసిపెడ్తున్నయి. బీపీ గూడ ఎక్కువున్నది" అందామె.

"మల్ల బాగయితయా, చెప్పుండ్రి?" అని అడిగాడు బావ.

"చెడిపోయిన కాడికి తిరిగి రాదు. మిగిలింది కాపాడుకోవాలె. మందులు మానొద్దు, ఉప్పు, తొక్కు పచ్చళ్ళు బాగ తగ్గించాలె. నెలనెలా వచ్చి చూపించుకోండ్రి."

అక్క బుద్ధిగా తలూపింది. బయటికి రాగానే "ఉప్పు మానుడు నాతోని కాదే" అంది. నాకు ఒళ్ళు మండింది. అప్పుడు బయటపెట్టింది అసలు సంగతి. వాళ్ళింట్లో అందరికీ ఒకటే కుండ. కోడలు తనకని ఇంకో కుండ పొయ్యి మీద పెట్టిందంటే వేరు కాపురానికి సిద్ధమైనట్టే లెక్క. "నాకోసం ఇల్లు రెండు చెయ్యమంటవా?" అంది. ప్రాణం కంటే కుండ ఎక్కువా అని తిట్టాను. ఏడ్చింది. వెనకే నడుస్తూ బావ అంతా విన్నాడు.

దవాఖానా గేటుకు ఎదురుగా సువార్తమ్మ అనే ఆవిడ ఇంట్లో డబ్బులకు అన్నం పెట్టేది. అక్కడే తినడానికి కూర్చున్నాం. కూర నోట్లో పెట్టుకోగానే బావ ముఖం చిట్లించాడు. "ఉప్పు మర్సినవామ్మా?"

"మరువలే అయ్యా. నా కాడికొచ్చేటోళ్ళల్ల మస్తుమందికి సప్పిడే పడ్తది. రెండు కూరలు ఏడ వండాలె? అందరికి సప్పిడే వండుత. కావల్సినోళ్ళు కంచంల ఏసుకుంటరు" అంటూ ఉప్పు గిన్నె ముందుకు జరిపింది.

బావ చెయ్యి ఆగిపోయింది. "గట్లయితే కుండ ఒకటే గదా!" అన్నాడు. అక్క వైపు తిరిగి, "మనింట్ల గూడ గిట్లనే వండు. అమ్మకు నేను చెప్త" అన్నాడు. ఆ గిన్నె ముట్టకుండానే కూరంతా తిన్నాడు. ఆ పూట ఆయన మీద పుట్టిన గౌరవం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అక్క గుర్దాలు కొత్తవి కాలేదు. కానీ మిగిలినవాటితోనే పిల్లల పెళ్ళిళ్ళు చూసింది. మొదట్లో సణిగిన అత్తగారే తర్వాత భోజనాల వేళ ఉప్పు గిన్నె తెచ్చి మధ్యలో పెట్టేది. అందుకే, ఇలాంటి జబ్బుతో మెదక్‌కైనా మరే ఊరికైనా వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెబుతాను: రోగిని మాత్రమే తీసుకుపోకండి. ఆ మనిషితో ఒకే కుండలో కూడు తినేవాళ్ళను కూడా బస్సెక్కించండి.