చిన్నమ్మ కంప్యూటర్‌కు తగిలిన దిష్టి

ఒక ఆడపిల్ల చదువును, నైట్ షిఫ్టు దిగొచ్చిన ఒక కార్మికుడి నిద్రను, ఏ పాపం ఎరుగని మూడు తెరలను ఒకే మధ్యాహ్నం ఆపదలో పడేసిన చరిత్ర నాకుంది. తలచుకుంటేనే ఒళ్ళు అలిసిపోతుంది. అయినా చెబుతాను. నా పరువును దేవుడు ఆ రోజే తీసేసుకున్నాడు కనుక ఇప్పుడు కొత్తగా పోయేదేమీ లేదు.

ముందు నా సంగతి. నాకు పుట్టుకతో చూపు లేదు. బడికి పోలేదు. అమ్మ వంట చేస్తూ చదివి వినిపిస్తే, పోపు చిటపటల మధ్య విని నేర్చుకున్నదాన్ని. తరువాత, దేవుడి దయవల్ల, తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దొరికింది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే ఎవరి కంప్యూటర్‌లోనైనా ఇన్‌స్టాల్ చేయకుండా నడుపుకోవచ్చు. అలా మా గోదావరిఖని క్వార్టర్లలో నేను అడుక్కోని కంప్యూటర్ లేదు. ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న: "కనబడకుండ ఎట్ల కొడ్తవ్ బిడ్డా?" ఆ జవాబును కూడా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తిరిగితే ఎంత బాగుండునో అనిపించేది.

ఆ ఎండాకాలం నా ల్యాప్‌టాప్ రిపేరుకు పోయింది. రిపేరు చేసే అతను "రేపు అక్కా" అనే మాటను దేవుడి నామంలా జపిస్తున్నాడు. నాకేమో ఒక ఉద్యోగం గురించి మెయిల్ రావాలి. సరే అని మా వెనక వరుసలో ఉండే చిన్నమ్మ ఇంటికి వెళ్ళాను.

ఆమె కూతురు స్రవంతి కాలేజీ సీటు కోసం ఆప్షన్లు పెట్టుకునే చివరి రోజది. సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. పొద్దుటి నుంచి తెరుచుకోని సైటు అప్పుడే తెరుచుకుందట. సగం పెట్టి, చెమటకు తాళలేక స్నానానికి పోయిందా పిల్ల.

"బిడ్డా, ఆ పేజీ మాత్రం మూయకు. మల్ల తెరిపియ్యాల్నంటే మా తాత దిగి రావాలె," అంది చిన్నమ్మ వంటింట్లోంచి.

"ముట్ట చిన్నమ్మా. పక్కన నా మెయిల్ ఒక్కటి చూసుకుంట."

పెన్‌డ్రైవ్ పెట్టాను, ఇయర్‌ఫోన్లు తగిలించాను, సాఫ్ట్‌వేర్ నడిపించాను. మెయిల్ రాలేదు. రానంతవరకు కాదన్నట్టు కాదు గదా అని దేవుడికి దండం పెట్టుకుని, మంచినీళ్ళకు వంటింట్లోకి వెళ్ళాను. మళ్ళీ ఒకసారి చూద్దామని అన్నీ అలాగే వదిలేశాను.

అంతలో స్నానం చేసొచ్చిన స్రవంతి ముందు గదిలోంచి కేకేసింది. "అమ్మా, తెర నల్లగైంది."

నేను వచ్చి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. "ఉంది గదనే స్రవంతీ. ఆప్షన్ల పేజీనే. నీ పేరు గూడ చదువుతున్నది."

"నీకు పేరు వినబడ్తుంది అక్కా. మాకు బొగ్గు కనబడ్తుంది."

బొగ్గుబాయిలో నైట్ షిఫ్టు దిగొచ్చి లోపల పండుకున్న కాక, అంటే చిన్నమ్మ భర్త, లేచి వచ్చాడు. నిద్ర ఇంకా సగమే అయింది. "ఆపి మల్ల స్టార్ట్ చెయ్ రాదు."

"వద్దు కాకా," అన్నాను, పెద్ద డాక్టరులా. "కంప్యూటర్ మంచిగనే ఉంది. పోయింది మానిటర్. ఆపినమంటే పేజీ పోతది." పుట్టి బుద్ధెరిగి మానిటర్‌ను చూసిన ముఖం కాదు నాది. అయినా దానికి మరణ ధ్రువీకరణ పత్రం ఇచ్చేశాను.

పక్కింటి మానిటర్ తెచ్చి పెట్టారు. అదీ నల్లబడింది. కాక గోడకున్న టీవీని విప్పి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఛాతీకి ఆనించుకుని తెచ్చాడు. అంతవరకు నీలంగా ఉన్న టీవీ, వైరు పెట్టగానే కన్నుమూసిందట.

"బాయిల గూడ గింత చీకటి జూడలే," అన్నాడు కాక, అక్కడే కూలబడి.

"ఇది మానిటర్ రోగం కాదు. దిష్టి," అంది చిన్నమ్మ. ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి కంప్యూటర్ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గు. ఆ దగ్గులోనే నేను ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను. స్వామికి అంతా తెలుసు కాబట్టి ఆ సమయంలో ఆయన ఏమనుకున్నాడో ఊహించడానికి ఇప్పటికీ భయమే.

నాలుగు దాటింది. ఫోన్‌లో ఆ సైటు తెరుచుకోలేదు. స్రవంతి ఏడుపు మొదలుపెట్టింది. "నా ఏడాది పోతది అక్కా."

"ఏడువకు. నేను చదువుత, నువ్వు చెప్పు, నేను పెడ్త."

"నువ్వు పెట్టింది సరైందని మాకెట్ల తెలుస్తది?" అన్నాడు కాక.

"నమ్మాలె కాకా."

"సరే తియ్. బాయిల ముందటోడు ఎటు వోతె అటే పోతం గద."

చూపున్న ముగ్గురు నా కుర్చీ చుట్టూ చేరారు. ఒక్కో కాలేజీ చదివాను, ఒక్కోటి పెట్టాను. కాక ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అంకెలు కొట్టాను. ఐదు కాకముందే అంతా అయిపోయింది. చిన్నమ్మ నా నోట్లో చక్కెర పోసింది. "దేవుడే నిన్ను పంపిండు బిడ్డా."

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "అసలు వెలుగు కండ్లల్ల ఉండదు చిన్నమ్మా, నమ్మకంల ఉంటది," అని చిన్న ప్రవచనం కూడా చెప్పి, సాఫ్ట్‌వేర్ ఆపి, పెన్‌డ్రైవ్ పీకాను.

"అక్కా," అంది స్రవంతి. "తెర వచ్చింది."

"చూసినవా, మిరపకాయలు పనిజేసినయ్," అంది చిన్నమ్మ.

కాక మాత్రం నా చేతిలోని పెన్‌డ్రైవ్‌ను వేలితో తట్టాడు. తరువాత మెల్లగా, "బిడ్డా, ఆ పుల్ల మల్ల పెట్టి నడిపియ్," అన్నాడు.

నడిపించాను.

"పోయింది. ఇప్పుడు తియ్."

తీశాను.

"వచ్చింది."

అప్పుడు గుర్తొచ్చింది. ఏడాది కిందట మా తమ్ముడు నా భుజం మీదుగా నా మెయిళ్ళు చదువుతున్నాడని, తెరను పూర్తిగా నల్లగా చేసే సౌకర్యం ఒకటి ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే, శాశ్వతంగా పెట్టేసి మరిచిపోయాను. ల్యాప్‌టాప్‌ను రిపేరుకు ఇచ్చేముందు పెన్‌డ్రైవ్‌లోకి కొత్తగా కాపీ చేసినప్పుడు అది కూడా బుద్ధిగా వెంట వచ్చింది. అయినా నమ్మలేక అమ్మకు ఫోన్ చేశాను, స్పీకర్ పెట్టి మరీ.

"అమ్మా, నా ల్యాప్‌టాప్ తెర ఎప్పుడన్న వెలుగంగ చూసినవా?"

"ఏడాది సంది నల్లగనే ఉంటది గదనే. నీకెందుకులే అని కరెంటు మిగులుస్తున్నవనుకున్న."

నేను నేలలోకి దిగిపోవడానికి అనువైన చోటు వెతుక్కుంటుంటే, కాక గొంతు సవరించుకున్నాడు. తిడతాడనుకున్నాను.

"బిడ్డా, గా నలుపు మా టీవీకి గూడ పెట్టస్తదా? నేను నైట్ షిఫ్టు దిగొచ్చి పండుకుంటె, మీ చిన్నమ్మ సీరియళ్ళు పెడ్తది."

స్రవంతికి కోరుకున్న కాలేజీలోనే సీటు వచ్చింది. అందుకు దేవుడికి, నన్ను మళ్ళీ గడప తొక్కనిచ్చినందుకు చిన్నమ్మకు రుణపడి ఉన్నాను. ఇకపోతే, ఆంజనేయస్వామి సాక్షిగా నా ప్రమాణం ఇది: ఇకమీదట ఎవరింట పెన్‌డ్రైవ్ పెట్టినా, "మీకు తెర కనబడుతున్నదా" అని ఇంటివాళ్ళను అడగనిదే ఒక్క మీట నొక్కను. కనబడటం లేదంటే ముందు నన్ను బయటికి పంపి చూడమంటాను.