అత్తయ్య తిప్పిన కీ

మా మేనమామకి సెలూన్ ఉంది. కుర్చీలో కూర్చున్నవాడి బుర్ర ఎలాంటిదో చేత్తో తడిమి చెప్పేస్తాడు. సొంత అల్లుడి బుర్ర దగ్గరే పప్పులో కాలేశాడు.

ఆయన వాచీ పెళ్ళినాటిది. రోజంతా సబ్బు నురగలో నానే చేతులతో కీ ఇస్తే తుప్పు పడుతుందని, షాపు మూసి ఇంటికి రాగానే విప్పి అత్తయ్యకిచ్చేవాడు. ఆవిడ కీ ఇచ్చి మళ్ళీ ఆయన చేతికి కట్టేది. కీ తిప్పే బొడిపెకున్న పళ్ళన్నీ ఆవిడ వేళ్ళ కిందే అరిగి నున్నబడ్డాయి. అత్తయ్య పోయాక ఆ పని ఆయన మీద పడింది. చేతులు కడిగి, తుడుచుకుని, ఆ నునుపు మీద వేలు పెట్టి కాసేపు ఊరికే కూర్చునేవాడు. చూసి నవ్వేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఈమధ్య వాచీ ఉన్నట్టుండి ఆగిపోతోంది. వీధి చివర కొట్లో బాగుచేయిస్తానని మావయ్య అంటే అల్లుడుగారు ఒప్పుకుంటేనా!

"కంపెనీ వస్తువు కంపెనీకే ఇవ్వాలి మావయ్యగారూ" అని పట్టుబట్టాడు. బూట్లకి పాలిష్ లేనిదే పక్కింటికైనా వెళ్ళని మనిషి. మెరిసేదల్లా గొప్పదే ఆయనకి.

తోడుగా నన్నూ తీసుకెళ్ళారు. అది షోరూమా, ఆపరేషన్ థియేటరా! కౌంటరు దగ్గరి అమ్మాయి తెల్ల గ్లౌజులు తొడుక్కుని మరీ వాచీ అందుకుంది.

"ఇది మా కంపెనీ వారసత్వం సార్" అంది. ఇన్నేళ్ళూ మావయ్య చెమటలో నానిన వాచీ వాళ్ళ వారసత్వం ఎప్పుడయిందో మరి!

"లోపల ఏం చేసినా సరే తల్లీ, ఈ బొడిపె జోలికి మాత్రం పోవద్దు. మా ఆవిడ తిప్పింది" అన్నాడు మావయ్య.

"మీ సెంటిమెంట్ మాకు చాలా ముఖ్యం సార్" అంది ఆ పిల్ల, నవ్వు చెక్కుచెదరకుండా.

అంత ముఖ్యమైనదాన్ని ఏం చేశారో వాచీ తెచ్చుకుందామని మళ్ళీ షోరూముకి వెళ్ళిన రోజు తెలిసింది. వెల్వెట్ పెట్టెలో తళతళలాడుతోంది. ఒక్క గీతయినా మిగల్చలేదు మహానుభావులు. బొడిపె కొత్తది, దాని పళ్ళూ కొత్తవే.

"చూశారా, కొత్తదానిలా ఎలా మెరుస్తోందో!" అని అల్లుడు పొంగిపోయాడు.

"కొత్తదే కావాలంటే కొనుక్కునేవాణ్ణి కదా బాబూ" అన్నాడు మావయ్య. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "ఆ పాతది ఇచ్చెయ్యమ్మా. విడిగానైనా దాచుకుంటాను."

"పాత పార్టులు తుక్కు చేసేస్తాం సార్. నకిలీల్లో ఎవరూ వాడకూడదని. మీ వాచీ విలువ కాపాడటానికే."

విలువట! నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు దులిపేద్దామని నోరు తెరిచేలోగా మావయ్య నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. అల్లుడు మాత్రం ఆ వెల్వెట్ పెట్టె నలగకుండా వేరే సంచి అడిగి తీసుకున్నాడు.

ఆ తర్వాత ఓరోజు షాపుకి వెళ్తే వాచీ కత్తెరల సొరుగులో పడి ఉంది. మావయ్య చెయ్యి బోసిగా ఉంది.

"ఏం మావయ్యా, మళ్ళీ పాడయిందా?"

"లేదమ్మా, బ్రహ్మాండంగా నడుస్తుంది." తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ సొరుగు మూసేశాడు. "కీ ఇద్దామని వేలు పెట్టాను. ఎవరో పరాయి మనిషి చెయ్యి పట్టుకున్నట్టయింది."