కండువాతో చేసిన ప్రార్థన

ఎన్నికలకు మూడు వారాలుండగా నేనొక తప్పు చేశాను. ప్రత్తిపాడు దగ్గర మా ఊరి చర్చిలో నేను సంఘ పెద్దని. ఆ ఆదివారం ఆరాధన ముగిసే వేళకు ఒక పార్టీ అభ్యర్థి తన మనుషులతో వచ్చాడు. నేను ఎప్పుడూ ఓటేసే పార్టీయే అది. ఎవరో నా మెడలో కండువా వేశారు. తీయలేదు. అభ్యర్థి తల వంచితే చెయ్యి పెట్టి, ఈయన్నే గెలిపించమని దేవుణ్ణి గట్టిగా అడిగాను. అధికారంలో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థించమని వాక్యం చెబుతుంది. అధికారం ఎవరికివ్వాలో దేవుడికి నేర్పమని చెప్పదు. ఆ తేడా ఆ రోజు నాకు తట్టలేదు.

మరుసటి ఆదివారం చాపలు సగం ఖాళీ. రానివాళ్ళలో మా వదిన ఒకరు. వరసకే వదిన, వయసులో మా అమ్మంత. ఆమె కొడుకు అవతలి పార్టీకి ఊళ్ళో పెద్ద కార్యకర్త. నెలకొకసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు ఆమె జ్వరంలో కూడా వచ్చేది. మనసులో ఎవరి మీదైనా కోపం ఉన్నవాళ్ళు వెళ్ళి సమాధానపడి వచ్చేదాకా రొట్టె ముట్టకూడదని మా సంఘంలో కట్టుబాటు. వచ్చే ఆదివారమే బల్ల. ఆమెను దానికి దూరం చేసింది నేను.

వెతుక్కుంటూ వెళితే వదిన మిరప కల్లంలో కనిపించింది. తలకు గుడ్డ చుట్టుకుని, ఎండిన మిరపకాయల్లోంచి రంగుపోయిన తాలుకాయలు ఏరుతోంది.

"కండువా ఏదయ్యా మరిదీ? ఉతకడానికేశావా?" అంది తల ఎత్తకుండా.

"తప్పయింది వదినా. ఆదివారం రా."

"దేవుడిక్కూడా మీ పార్టీ సభ్యత్వం రాయించావు గదా. ఇంక మేమెక్కడ కూర్చోవాలి?"

ఘాటుకు నాకు తుమ్ములు ఆగలేదు. ఆమె నవ్వలేదు. ఇంకో తాలుకాయ పక్కన పడేసి, "నాకు రొట్టె కావాలయ్యా. నీ మీద కోపం కడుపులో పెట్టుకుని ఎట్టా తినను? తీసెయ్యమని ప్రార్థన చేస్తూనే ఉన్నా, పోవట్లా" అంది.

అంతలో కొడుకు బండి మీద వచ్చాడు. పార్టీల వెంట తిరిగేవాళ్ళంటే నాకు మొదట్నించీ చిన్నచూపు. కానీ వాళ్ళ ప్రభుత్వం ఉన్నప్పుడు మా పక్కింటి ముసలామెకు పింఛను ఆగిపోతే, ఆమె మా పార్టీ మనిషని తెలిసీ, మండలాఫీసు చుట్టూ తిరిగింది ఇతనే. మా ఊరికి ప్రభుత్వం దానంతటది నడిచిరాదు. ఇలాంటివాడొకడు వెళ్ళి పిలుచుకురావాలి.

"ఏం బాబాయ్, మా ఓట్లు కూడా అడుగుదామనొచ్చావా?"

"క్షమాపణ అడుగుదామనిరా."

"ఇక్కడెందుకు? పదిమందిలో చేశావు, పదిమందిలోనే ఒప్పుకో. తప్పు చేసినోళ్ళని నువ్వు నిలబెట్టేది అట్టాగే గదా?"

నిజమే. పక్కవాడి పొలం గట్టు జరిపినవాణ్ణి, తాగొచ్చి భార్యను కొట్టినవాణ్ణి, అందరినీ బల్లకు ముందు నిలబెట్టి ఒప్పించింది నేనే. నేనెన్నడూ నిలబడలేదు.

ఆదివారం అందరి ముందూ ఒప్పుకోబోతున్నానని తెలిసి మా పార్టీవాళ్ళు ఇంటికొచ్చారు. "పోలింగు ముందర ఈ ఒప్పుకోళ్ళేంటి పెద్దాయనా? మనోళ్ళ పరువు పోద్ది" అన్నారు.

ఆదివారం రొట్టె విరవకముందు లేచాను. దేవుడి ముందు రోజూ ఒప్పుకునేవాణ్ణే. మావాళ్ళ ముందు ఒప్పుకోవడమే కష్టమైంది. దేవుడి ఇంటిని ఒక పార్టీ ఆఫీసు చేశానని చెప్పాను. పోటీలో ఉన్న అందరి పేర్లూ చెప్పి, గెలిచినవాడికి న్యాయం చేసే మనసిమ్మని ప్రార్థించాను. మావాళ్ళు ముగ్గురు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. వాళ్ళు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు.

రొట్టె పళ్ళెం పట్టుకుని వెళితే వదిన ఆఖరి వరసలో ఉంది. నా ముఖం చూడలేదు. కొంగు తలమీదికి లాక్కుని చెయ్యి చాపింది.

బయట వదిన కొడుకు చెప్పులు వేసుకుంటూ ఆగాడు.

"ఒప్పుకున్నావు, సరే. ఓటు మాత్రం మీవాళ్ళకే గదా?"

"వాళ్ళకేరా."

"తెలుసులే." జేబులోంచి కాగితాల కట్ట తీసి, వెతికి, నా పేరున్న ఓటరు స్లిప్పు చేతిలో పెట్టాడు. "రెండో బూత్. ఏడింటికల్లా వచ్చెయ్ బాబాయ్. పొద్దెక్కితే ఎండకి నిలబడలేవు."