జీపు కప్పు మీద రొట్టెల పెనం

ఇనుప కప్పున్న జీపుకు వైర్‌లెస్ ఏరియల్ బిగించడం చిన్న పని. ఆ కప్పే ఏరియల్‌కు సగం బలం. ఫైబర్ కప్పుకు ఆ బలం ఉండదు. ఏరియల్ కింద వెడల్పాటి లోహపు రేకు వేయాలి. కరీంనగర్‌లో ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్న నాకు ఆ సంగతి తెలియదంటే ఎవరూ నమ్మరు. తెలుసు. సిగ్గంతా అక్కడే ఉంది.

కాగజ్‌నగర్ అవతల అడవి కాపలాకు తిరిగే నాలుగు జీపులకు సెట్లు పెట్టడానికి వెళ్లాను. నాలుగోదాని కప్పు ఫైబర్‌ది. నేను రేకు తీసుకెళ్లలేదు. బస్సు వేళ అవుతోంది. కప్పుకు బొక్క కొట్టి ఏరియల్ బిగించేసి, ఆఫీసు ముందే మాట్లాడి చూపించాను. అంత దగ్గర్లో గొడుగు కర్ర బిగించినా మాట వినబడుతుంది. అక్కడి అటవీ ఆఫీసు పెద్దసారు పని అయిందని సంతకం పెట్టాడు.

నెల తిరక్కముందే ఆఫీసు నుంచి ఫోన్. ఆ జీపు అడవిలోకి పోతే పలకడం లేదట. డ్రైవర్ సెట్ ఆపేసి పడుకుంటున్నాడని పెద్దసారుకు అనుమానం. డ్రైవర్‌ది పర్మనెంటు ఉద్యోగం కాదు.

వెళ్లి చూస్తే, ఏరియల్‌కు కొండగట్టు గుడి నుంచి తెచ్చిన చిన్న కాషాయ జెండా కట్టి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. డ్రైవర్‌ను పిలిచాను.

“అన్నా, గీ జెండనే అడ్డమొస్తున్నది. తీసెయ్.”

“జెండ గూడ అడ్డమొస్తదా సార్?”

“రాదా మరి? గాలికి ఊగితే సిగ్నల్ చెదిరిపోతది.”

అతను దాన్ని విప్పి, కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. బెల్లంపల్లి దాటేదాకా నా తెలివికి నేనే మురిసిపోయాను.

వారానికి అతనే ఫోన్ చేశాడు. “జెండ తీసినా పలుకుతలే సార్. రేపటికెల్లి రావద్దంటుండు పెద్దసారు. నేను సెట్ బంద్ పెట్టలేదని జర మీరన్న చెప్పుండ్రి.”

వెంటనే బయల్దేరాను. ఆ కంగారులో రేకు మళ్లీ మరిచిపోయాను. నేరుగా అతని ఇంటికి వెళ్తే, అతని భార్య వెడల్పాటి ఇనుప పెనం మీద జొన్నరొట్టెలు కాలుస్తోంది. నా చూపు రొట్టెల మీద లేదు.

“అక్కా, గా పెనం ఇస్తవా? జీపు మీద పెట్టాలె.”

“ఏం సారూ, రేడియోకు ఆకలైతుందా?”

చల్లారాక ఇచ్చింది. మసి గీకి, నడుమ బొక్క కొట్టి, ఇంటి ముందున్న జీపు కప్పు మీద బోర్లించి, దాని మీద ఏరియల్ బిగించాను. పెద్దసారును ఎక్కించుకుని అడవిలోకి పోయాం. ఎన్నడూ పలకని మలుపు దగ్గర ఆఫీసు గొంతు స్పష్టంగా వినబడింది. పెద్దసారు దిగి, పైకి చూశాడు.

“గదేంది?”

‘కొత్త పద్ధతి సార్’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. డ్రైవర్ స్టీరింగ్ వంకే చూస్తున్నాడు.

“పెనం సార్. మొదటి రోజే నేను రేకు వెయ్యాల్సింది. బస్సు కోసం ఉరికిన. అన్న తప్పు లేదు. జెండ తప్పు గూడ లేదు.”

పెద్దసారు చెయ్యి చాచి పెనాన్ని వేలితో కొట్టి చూశాడు. తర్వాత డ్రైవర్‌తో, “రేపు ఎనిమిదింటికి బండి తియ్యి,” అన్నాడు. నాతో, “రేకు రేపే పడాలె,” అన్నాడు.

“కొత్త పెనం ఇయ్యాల్నే రావాలె సార్,” అన్నాడు డ్రైవర్. “లేకుంటే ఇంట్ల నా డ్యూటీ పోతది.”

ఆ మాటంటూనే జేబులోంచి జెండా తీశాడు. “ఇప్పుడు అడ్డమొస్తదా సార్?”

నేను ఏరియల్‌ను కిందికి వంచి పట్టుకున్నాను. అతను తీరిగ్గా రెండు ముళ్లు వేశాడు.