ఒక చేతి కోటు

శనివారం పొద్దున జగ్గయ్యపేట బస్టాండులో కాలేజీకి వెళ్దామని నందిగామ బస్సు కోసం నిలబడి ఉండగా ఫోను మోగింది. తెర మీద ‘టైలర్ మాస్టారు’ అని ఉంది. సోమవారం విజయవాడలో నాకు ఇంటర్వ్యూ. సూటు వేసుకునే రావాలని కాలేజీలో మరీ మరీ చెప్పారు. అందుకే ఫోను ఎత్తుతూనే, “అయిపోయిందా మాస్టారూ?” అన్నాను.

అవతల ఉన్నది వాళ్ళమ్మాయి. “అయిపోయిందండీ,” అంది.

“అయితే ఇప్పుడే వచ్చేస్తున్నా,” అన్నాను సంబరంగా.

అప్పుడామె ఏడ్చింది. “నాన్న పోయారండీ. తెల్లారుజామున గుండెల్లో నొప్పన్నారు. అంతే.”

ఈ మధ్యే నాకు మాటల మీద ఇష్టం పుట్టింది. కొత్త మాట వినిపిస్తే నోటుబుక్కులో రాసుకుంటాను. ఆ పూట మాత్రం ఒక్క మాటకి ఇన్ని అర్థాలెందుకని కోపం వచ్చింది. నేను కోటు గురించి అడిగాను. ఆమె తండ్రి గురించి చెప్పింది. బస్సు వచ్చి వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. గురువారం సాయంత్రమేగా, కొలత చూడ్డానికి కచ్చా కుట్టు వేసిన కోటు నాకు తొడిగి, నోట్లో గుండుసూదులు పెట్టుకునే నవ్వారాయన!

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. మా ఊరి బజారులో చిన్న కొట్టు, ఒక మిషను, ఒక అద్దం. నెల క్రితం ఆన్‌లైన్‌లో కొన్న నల్లటి మెరుపు గుడ్డ పట్టుకుని అక్కడికి వెళ్ళాను. ఆయన గుడ్డని నా మూతికి అడ్డం పెట్టి, “ఊదు,” అన్నారు. ఊదాను.

“అవతలికి గాలొచ్చిందా?”

“లేదండి.”

“నీ ఊపిరే దాటట్లేదు, ఇంక నీ చెమటేం దాటుద్ది? పైగా నలుపు! మన ఊరి సిమెంటు దుమ్ములో నల్ల సూటు గంటలో బూడిద సూటవుద్ది అబ్బాయ్.”

లినెన్ తీసుకోనా అన్నాను. “భేషుగ్గా ఉంటది. నందిగామ దాకా బస్సులో కూర్చుని లేస్తే మాత్రం, నిన్ను ఎవరో పిండి ఆరేసినట్టుంటది.”

చివరికి తనే బట్టల కొట్టుకి తీసుకెళ్ళి, ఉన్ని కలిసిన సన్నటి గోధుమరంగు గుడ్డ తీయించారు. గుప్పిట్లో నలిపి వదిలితే ముడతలు వాటంతటవే పోయాయి. ముంజేతి మీద వేలాడదీసి, “చూడు, ఎలా పడిందో. గుడ్డ పడాలి. నిలబడకూడదు,” అన్నారు. నేను నోటుబుక్కు తీశాను. “నా మాటలు కూడా రాస్తున్నావా? అయితే జాగ్రత్తగా మాట్లాడాలే!” అని కొట్టంతా వినపడేలా నవ్వారు.

ఫోనులో బిగుతు సూటు బొమ్మ చూపించి అలాగే కుట్టమన్నాను. ఆయన తన ఫోను తీసి నాకు చూపించారు. వదులు కోట్లు, మెత్తటి భుజాలు, ముందు మడతలున్న వెడల్పు ప్యాంట్లు. “నీది పాత ఫ్యాషనురా. బిగుతు పోయింది. ఇప్పుడు మళ్ళీ నా పెళ్ళినాటి ప్యాంట్లొచ్చాయి.” రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఓ గంట అవే చూస్తారట. అరవై దాటిన ఆయనకి ‘ట్రెండ్’ నేను నేర్పబోయాను!

ఆ శనివారం బస్టాండు నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. ఒక సంగతి రాయకూడదనుకున్నాను గానీ, రాయకపోతే ఇదంతా అబద్ధమవుతుంది. గుమ్మంలోంచి నా కళ్ళు ముందు ఇంట్లో ఉన్న రెండో మిషను వైపు వెళ్ళాయి. కోటు కనిపించింది. ఆ తర్వాతే ఆయన్ని చూశాను.

ఆదివారం వాళ్ళావిడ కబురు పెట్టి, కోటు నా చేతుల్లో పెట్టింది. “తీసుకెళ్ళు నాయనా. సోమవారానికి ఇవ్వాలని శుక్రవారమంతా దీనిమీదే కూర్చున్నారు.” కోటుకి కుడి చెయ్యి ఒక్కటే ఎక్కింది. ఎడమ చెయ్యి విడిగా, మడతపెట్టి ఉంది. నాకు సిగ్గేసింది. వద్దండీ అన్నాను. “నువ్వొద్దంటే ఇది ఇంక ఎవరికి సరిపోద్ది?” అంది.

నందిగామలో ఇంకో టైలరు సాయంత్రానికి పూర్తి చేశాడు. పని మొదలుపెట్టే ముందు కుడి భుజం లోపలివైపు తిప్పి, చాలాసేపు చూశాడు. “ఎవరిది ఈ కుట్టు? ఇలా ఎక్కించడం నాకు రాదు బాబూ. నాకొచ్చినట్టు కుడతా, ఏమనుకోకు.” ఏమీ అనుకోలేదు. తొడుక్కుని చూస్తే ఎడమ చెయ్యి ఎత్తినప్పుడు కోటంతా పైకి లేచింది. కుడి చెయ్యి ఎత్తితే లేవలేదు.

సోమవారం విజయవాడలో పాతికమందిమి వరుసగా కూర్చున్నాం. లోపల్నుంచి ఒకాయన వచ్చి నా పేరు పిలిచి, “ఎవరు?” అన్నాడు.

కుడి చెయ్యి ఎత్తాను. కోటు కదల్లేదు.