ఇస్సాకన్న చెయ్యి జారలేదు

తొమ్మిదేండ్లు ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉండింది. పనిలో పడితే తెలిసేది కాదు. ఆదివారం ఆరాధనలో కూర్చుంటే మాత్రం ఊపిరాడేది కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీతో చెప్తా ఉండాను. ముందే చెప్పేస్తాను, ఆనక ధైర్యం చాలకపోవచ్చు. ఇస్సాకన్న కాలు విరిగింది నా వల్ల. అది చాలక, తప్పు ఆయనదేనని ఆయన్ని నమ్మించినాను.

మాది నెల్లూరి పక్క కోట అనే ఊరుందే, దానికి అవతల, సముద్రం వైపు పల్లె. నాకొక పికప్ బండి. రొయ్యల గుంటల్లో పట్టుబడి, అంటే పెరిగిన రొయ్యల్ని పట్టేది, ఉందంటే ఐసు, క్రేట్లు, వల లాగే మనుషుల్ని తోలుకుని పోవడం, రొయ్యలు నింపుకుని రావడం నా పని. బండి కొన్న కొత్తలో దాన్ని చూసుకున్నట్టు నన్ను ఒక్కరోజన్నా చూసుకున్నావా అని మా ఆడమనిషి ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. నిజమే. పాత వెల్డింగు మిషనొకటి, గ్రైండరొకటి తెచ్చుకుని, ఫోన్లో వీడియోలు చూసి అన్నీ నా చేత్తోనే బిగించినాను. బరువు మోసే వెనక కమాన్లకు ఇంకో పట్టీ వేసినాను. పక్కలకు రెయిలింగు, పట్టా కప్పడానికి పైపుల వంపులు, క్యాబిన్లో నీలం లైటు, సీటు వెనక నీళ్ళ క్యాను పెట్టుకునే చట్రం, ఒకటా రెండా. అన్నిటికన్నా నాకు గొప్ప, వెనక డోరు కింద ఫుట్‌బోర్డు. రెండు ఇనప యాంగిలర్లు, వాటి మీద గరుకు రేకు. బండి నిండా క్రేట్లు ఉన్నప్పుడు కూడా ఒక మనిషి దాని మీద నిలబడి, రెయిలింగు పట్టుకుని రావచ్చు. ఎవరు చేసినారబ్బా అని జనం వంగి చూస్తా ఉంటే నాకు కడుపు నిండిపొయ్యేది.

కోటలో వెల్డింగు షాపు పెద్దాయన కూడా ఒకసారి వంగి చూసినాడు. వెల్డింగు అతుకొకటే చాలదబ్బయా, ఉప్పు నీళ్ళు కారే బండి ఇది, బోల్టులు కూడా వెయ్యి అన్నాడు. సరేలే అని వచ్చేసినాను. బేరం కోసం చెప్తా ఉండాడులే అనుకున్నాను. అసలు సంగతి అది కూడా కాదు. నా పనికి వంక పెట్టినాడని ఉడుకుమోత్తనం.

ఏడాది తిరిగింది. క్యాబిన్ మీదకు కొత్తగా క్యారియరు చేసినాను. మా సంఘంలో ఒక అలవాటుంది. బండి కొన్నా, బండికి కొత్తగా ఏదన్నా పెద్దది బిగించినా, ఆదివారం ఆరాధన అయినాక పాస్టరుగారు బయటికొచ్చి దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. అందరూ చుట్టూ నిలబడతారు. ఈ వారం నా బండికి అని చెప్పి పెట్టుకున్నాను.

శనివారం బండి కడగతా ఉంటే ఫుట్‌బోర్డు అతుకు దగ్గర పెయింటు ఉబ్బి కనిపించింది. స్క్రూడ్రైవరుతో పొడిచినాను. కుళ్ళిన దోసకాయలోకి దిగినట్టు లోపలికి దిగింది. ఎర్రటి పొట్టు రాలింది. రెండో పక్క కూడా అంతే. ఏడాదిపాటు రొయ్యల క్రేట్ల నుంచి కారిన నీళ్ళన్నీ అక్కడికే చేరినాయి మరి. అప్పుడే కోసి పారేసి ఉండాల్సింది. కానీ రేపు అందరూ చుట్టూ నిలబడినప్పుడు ఆ జాగా బోసిగా ఉంటే? ఏమైంది, ఊడిపోయిందా అని అడిగితే? పెద్దాయన చెప్పిందే నిజమైందని కోటంతా అనుకుంటే? పుట్టీ పెట్టి నున్నగా రుద్దినాను. మీద నల్ల పెయింటు వేసినాను. సోమవారం కోసి కొత్తది వేద్దాం అనుకున్నాను. ఆదివారం పాస్టరుగారు ఈ బండి ఎక్కిన ఏ ఒక్కరికీ హాని రాకుండా కాపాడమని ప్రార్థన చేసినారు. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

సోమవారం పొద్దున్నే పట్టుబడికి రమ్మని ఫోనొచ్చింది. ఈ ఒక్క ట్రిప్పూ వేసుకొద్దాం అనుకున్నాను. మరిచిపోయినానని మీతో చెప్పాలనుంది. చెప్తే మీరు నమ్ముతారు కూడా. కానీ మరిచిపోలేదు. తిరిగొచ్చేటప్పుడు బండి నిండా క్రేట్లు. ఇద్దరు మనుషులు నా పక్కన క్యాబిన్లో ఎక్కినారు. మూడో మనిషి ఇస్సాకన్న. మా సంఘమే, నాకన్నా పదేండ్లు పెద్ద, ఈ చుట్టుపక్కల వల లాగే వాళ్ళలో ఆయన్ని మించినోడు లేడు. ఆయన ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టడం అద్దంలో చూసినాను. చూసి, గేరు వేసినాను.

గుంట గట్టు మీద ఒక తూము ఉంటుంది. అక్కడ బండి ఎగిరి పడింది. వెనక ధబ్బుమని చప్పుడు. దిగి పరిగెత్తినాం. అన్న తూము రాతి మీద అడ్డంగా పడి ఉండాడు, తొడ ఉండాల్సిన తీరున లేదు. ఇద్దరూ ఆయన మీదికి వంగినారు. నేనేం చేసినానో తెలుసా? ఫుట్‌బోర్డు ఒక పక్క తెగి కిందికి వేలాడతా ఉండాది. దాన్ని కాలితో పైకెత్తి, క్రేట్లు కట్టే తాడుతో డోరుకు బిగించి కట్టినాను. ఆ తరవాతే అన్న దగ్గరికి పొయ్యినాను. ఆ ముడి వెయ్యడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది? మీరు లెక్కపెట్టేలోపే అయిపోయి ఉంటుంది. నా ఈ బతుకులో నన్ను నాకు చూపించింది ఆ కాస్త సేపే.

వెనక డోరు ఎవర్నీ తియ్యనీకుండా పక్క డోరు నేనే దించి, సగం క్రేట్లు గట్టు మీద పెట్టేసి, అన్నను వెనక పడుకోబెట్టి నెల్లూరికి తీసుకుపొయ్యినాం. తొడలో రాడ్డు వేసినారు. మూడో రోజు ఆయనకు బాగా తెలివొచ్చినాక నేను మంచం పక్కన ఉండాను. వాళ్ళావిడ మరియమ్మక్క కాళ్ళ దగ్గర నిలబడి ఉండాది.

"అబ్బయా, నా కాలి కింద ఏమీ లేనట్టు అనిపించిందిరా. మెట్టే పోయినట్టు" అన్నాడు.

"పొద్దున మందేసుకున్నావు గదన్నా. చెయ్యి జారింది" అన్నాను.

అంతే.  పొద్దున చల్లటి నీళ్ళలో దిగే ముందు వల లాగే వాళ్ళు తలా గుక్కెడు వేసుకుంటారు. ఆయనా వేసుకున్నాడు. ఆ గుక్కెడుకి ఆయన లాంటోడికి ఏమీ కాదని నాకు తెలుసు. ఆయన నా మొహంలోకి చూసినాడు. అంతే అయుంటుందిలే అన్నట్టు తలాడించినాడు. ఆ మనిషి ఒంటికి నిజం తెలుసు. నేను దాన్ని కాదనిపించినాను. మరియమ్మక్క గోడ వైపు తిరిగింది.

ఇంటికొచ్చి ఆ ఫుట్‌బోర్డు కోసేసి, కొత్తది బోల్టులతో వేసినాను. ఎవరూ అడగలేదు.

అన్న కాలు రెండంగుళాలు పొట్టిదైంది. మళ్ళా గుంటలో దిగలేదు. గుంట షెడ్డు కాడ కాపలా ఉంటా, కూర్చుని వలలు బాగుచేస్తా ఉంటాడు. మందు మానేసినాడు. ఇది వింటే మీకు నవ్వొస్తుందో ఏడుపొస్తుందో, ఏడాదికోసారి సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్తాడు. తాగి ఒళ్ళు తెలియక పడినాననీ, దేవుడు కాలు విరిచి కళ్ళు తెరిపించినాడనీ, ఆ రోజు ఈ తమ్ముడు లేకపోతే చచ్చిపోయేవాడిననీ నా వైపు చెయ్యి చూపిస్తాడు. అందరూ స్తోత్రం అంటారు. నేను తల వంచుకుంటే వినయం అనుకుంటారు. ఇంట్లో మాత్రం మరియమ్మక్క ఆయన్ని అనని మాట లేదు. తాగి కాలు పోగొట్టుకున్నోడికి అన్నం పెట్టేది నేను అని మా వీధికంతా వినపడేటట్టు అనేది. ఆయన తల వంచుకుని వినేవాడు. తప్పు తనదే గదా.

నన్ను నేను ఎన్ని రకాలుగా సముదాయించుకున్నానో! మందు మానేసినాడు గదా, ఒక రకంగా మేలే జరిగింది గదా అనుకున్నాను. ఇప్పుడు చెప్తే ఆయన సాక్ష్యం ఏం కావాలి అని కూడా అనుకున్నాను. ఆయన విశ్వాసం మీద దిగులంట నాకు! ఎంత సిగ్గులేనితనమో చూడండి. నా దిగులంతా నా పేరు గురించే.

పోయిన వారం అన్న కుంటుకుంటా మా ఇంటికి వచ్చినాడు. ఆయన అల్లుడు ఒక పాత పికప్పు కొన్నాడంట. దానికి నా బండికి ఉండేలాంటి ఫుట్‌బోర్డే కావాలంట. పిల్లోళ్ళు ఎక్కి దిగే బండి, నీ చెయ్యి పడితే నాకు దిగులుండదబ్బయా అన్నాడు. సరేనన్నాను. ఆయన వెనక్కి తిరిగి వీధిలో నడిచిపోతా ఉంటే ఆ కాలి వైపు చూడలేక లోపలికి వచ్చేసినాను. రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడో రోజు వాళ్ళింటికి పొయ్యినాను. అన్న వాకిట్లో మంచం మీద ఉండాడు. కూర్చోకుండానే చెప్పినాను. తుప్పు సంగతి, పుట్టీ సంగతి, తాడు సంగతి, ఆసుపత్రిలో అన్న మాట సంగతి. ఏదీ దాచుకోలేదు. మధ్యలో ఏడిస్తే జాలి పడతాడేమోనని ఏడవకుండా చెప్పినాను. ఆయన నా వైపు కాకుండా వీధి వైపు చూసినాడు. తిడతాడేమో అనుకున్నాను. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండు అని కూడా అనుకున్నాను. ఆయన ఇంట్లోకి తిరిగి మరియమ్మక్కను కేకేసినాడు. ఆమె చేతులు తుడుచుకుంటా గడప దాకా వచ్చింది.

"దీని ముందర ఇంకోసారి చెప్పు" అన్నాడు.

మళ్ళా మొదటి నుంచి చెప్పినాను. శనివారం నుంచి. ఆమె గడప పట్టుకుని అట్లానే కూలబడింది. నేను ఆపేసినాక ఆమె నన్ను చూడలేదు. ఆయన్నే చూసింది. ఆయన తల ఎత్తి ఆమె కళ్ళలోకి చూసినాడు. ఈ తొమ్మిదేండ్లలో ఆమె ముందర ఆయన అట్లా తల ఎత్తగా నేను చూసింది లేదు.

నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. పొమ్మనీ అనలేదు. క్షమించమని నేను అడగలేదు, అడిగే హక్కు ఉందని కూడా అనుకోను. కాసేపు నిలబడి వచ్చేసినాను. అల్లుడి బండి పని ఇంకెవరికన్నా ఇస్తారు, ఇవ్వాలి కూడా. ఆదివారం సంఘంలో ఏమవుతుందో తెలియదు. కానీ మీతో అబద్ధం ఎందుకు, ఇంటికి నడిచొస్తా ఉంటే నాకు ఊపిరి బాగా ఆడింది. నాకంత హాయిగా ఉండకూడదని నాకూ తెలుసు. అయినా ఉండాది.