అద్దాలాయన కంప్యూటర్

కుదురు అందరికీ పుట్టుకతో రాదు. మా కళ్ళజోళ్ళ షాపాయన అది లేకుండానే పుట్టిన మనిషి. వీధంతా ఆయన్ని అద్దాలాయన అంటుంది. కూర్చుంటే కాలు ఊపుతాడు, నిలబడితే తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తాడు. ఈ షాపు పెట్టకముందు గడియారాలు బాగుచేశాడు, ఫొటోలకు ఫ్రేములు కట్టాడు, కొన్నాళ్ళు టైపు కూడా నేర్పాడు. ఏ పనిలోనూ తీసిపోయేవాడు కాదు. పని చేతికి రాగానే విసుగు పుట్టేది, అదీ ఆయన జబ్బు.

కళ్ళజోళ్ళ దగ్గర మాత్రం నిలిచాడు. ఎందుకంటే అక్కడ రోజంతా మార్చడమే పని. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద ఖాళీ ఫ్రేము పెట్టి, ఒక అద్దం వేసి తీసి ఇంకోటి వేసి, "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని అడుగుతాడు. "రెండూ ఒకేలా ఉన్నాయండీ" అని ఎదుటివారు అనగానే ఆపేస్తాడు. "ఇంక మార్చకూడదు. మారుస్తూ పోతే కన్ను అలిసిపోయి మంచి అద్దం కూడా మసకగానే కనిపిస్తుంది" అంటాడు. అందరికీ చెప్పే ఈ మాట ఆయన తన చెవిన మాత్రం వేసుకోడు.

గొడవంతా షాపులోని కంప్యూటర్‌తో వచ్చింది. అందులోని పాత సిస్టమ్‌ని ఇక పట్టించుకోబోమని దాన్ని చేసిన కంపెనీవాళ్ళు చెప్పేశారు. కొత్తది వేయాలంటే యంత్రమే మార్చాలి. యంత్రం చూస్తే గుండ్రాయిలా ఉంది. అప్పుడు కళ్ళు చూపించుకోవడానికి వచ్చిన ఒకాయన లినక్స్ అనే ఇంకో సిస్టమ్ సంగతి చెప్పాడు. ఉచితం, పాత యంత్రాల మీదా నడుస్తుంది, లోపల దాపరికం లేదు, ఎవరైనా విప్పి చూసి తమకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. అలా మార్చుకున్నవాళ్ళు లోకంలో బోలెడుమంది కాబట్టి అందులో రకాలూ బోలెడు. కుదురులేని మనిషికి ఇంతకంటే పెద్ద ఉచ్చు ఇంకేముంటుంది?

మొదటిది వేశాడు, బాగుంది. అంతలోనే ఇంకొకటి దీనికంటే చురుకట అని ఎక్కడో చదివాడు. దూరపు కొండలు నునుపు కదా, అదీ వేశాడు. తరవాత ఇంకా అందమైనది, ఆ తరవాత ఇంకా తేలికైనది. షాపు వివరాలన్నీ జాగ్రత్తగా పక్కన దాచేవాడు, అందులో వంక పెట్టలేం. కానీ ఆదివారం వస్తే చాలు, పెన్‌డ్రైవ్ పట్టుకుని తయారు. కంప్యూటర్‌లోకి ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, ఖాళీ ఫ్రేములో అద్దం వేసి చూసినట్టే. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. ఆగలేడు, అంతే.

ఆ కంప్యూటర్ ముందు రోజంతా కూర్చునేది మాత్రం ఆయన కాదు, ఆయన భార్య. షాపు నిలదొక్కుకోవాలని, బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం మానుకుని కౌంటర్‌లోకి వచ్చిన మనిషి. వచ్చినవాళ్ళ పేరూ కంటి పవరూ ఎక్కించి, చీటీ ప్రింటు తీసి ఇస్తుంది. ఆవిడ సోమవారం వచ్చేసరికి తెర మీద కింద ఉన్న గుర్తులు పైకెక్కేవి, ఎడమవి కుడికి చేరేవి. మొదట్లో నవ్వింది. తరవాత పోట్లాడింది. ఆ తరవాత ఏమీ అనడం మానేసింది. పోట్లాడే మనిషి నోరు మూసుకుంటే భయపడాలి. మన పెద్దమనిషి హమ్మయ్య అనుకున్నాడు.

ఒక సోమవారం ప్రింటర్ మొరాయించింది. ఎదురుగా బస్సు డ్రైవర్ ఒకాయన, డ్యూటీకి వేళవుతోందని కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వారం వారం సిస్టమ్ మారుతోందని చెప్పి, ఆవిడ చీటీ చేత్తోనే రాసిచ్చింది. అతను అది జేబులో పెట్టుకుంటూ, "అమ్మా, నేను కూడా నా బస్సులో వారానికోసారి బ్రేకు ఇటు, క్లచ్ అటు మారిస్తే మీరు ఎక్కుతారా?" అన్నాడు. అద్దాలాయన పకపకా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

డ్రైవర్ వెళ్ళాక అంది, "మా పాత బడి నుంచి హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేశారు. లెక్కల టీచర్ కావాలట. వచ్చే సోమవారం చెప్తానన్నాను."

"ఏమని చెప్తావ్?"

"నిన్న ఉన్నది ఇవాళ కూడా ఉండే చోటు కావాలండీ నాకు. అక్కడ బోర్డు ఏ గోడకుంటే ఆ గోడకే ఉంటుంది."

ఆ వారమంతా ఆయన పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకే. అన్నిటికంటే మంచిది వెతికి వేసిపెడితే ఆవిడ ఉండిపోతుందని ఆశ. కానీ ఏది మంచిది? కదలకుండా ఉండేది త్వరగా పాతబడుతుందని ఒకరు రాశారు, కొత్తగా ఉండేది నిలకడగా ఉండదని ఇంకొకరు రాశారు. చదివినకొద్దీ అనుమానం పెరిగింది. ఆవిడ వెళ్ళాలనుకుంటున్నది మంచిది దొరక్క కాదని మాత్రం ఆ బుర్రకి తట్టలేదు.

శనివారం సాయంత్రం ఎవరికో కళ్ళు పరీక్షిస్తూ, మధ్యలో కౌంటర్ వైపు చూశాడు. ఆవిడ చేతిలోని మౌస్ బాణం తెర మీద ఎడమ కింది మూలకు వెళ్ళింది. అక్కడేమీ లేదు. పై అంచుకు వెళ్ళింది. అక్కడా లేదు. ఆవిడ నిట్టూర్చి కుడివైపు వెతుక్కుంది. ఆ మూల మొదటి సిస్టమ్‌ది, ఆ అంచు దాని తరవాతది. తీసి పక్కన పెట్టిన కళ్ళజోడును అలవాటుగా ముక్కు మీదికి నెట్టుకోబోయే మనుషుల్ని ఆయన రోజూ చూస్తాడు, వాళ్ళ మీద జాలిపడతాడు. ఇంటి మనిషి చేతికి నిలువ నీడ లేకుండా చేసింది తానేనని అప్పుడు తెలిసింది. సిగ్గు వేసింది.

ఆఖరి మనిషి వెళ్ళాక తనే పరీక్ష కుర్చీలో కూర్చున్నాడు.

"నన్ను పరీక్ష చెయ్యి."

"మీ కళ్ళకేమైంది?"

"కళ్ళకి కాదు, ఆ కంప్యూటర్ గురించి. నువ్వు అడుగు, నేను చెప్తాను."

ఆవిడ చేతులు కట్టుకుంది. "మొదట వేసింది బాగుందా, ఇప్పుడున్నదా?"

"ఇప్పుడున్నది చురుకు. కాకపోతే మొదటిదాంట్లో ప్రింటరూ..."

"ఉపన్యాసం వద్దు. ఇదా, అదా?"

ఆయన కాలు ఊపాడు. తల గోక్కున్నాడు. "రెండూ ఒకేలా ఉన్నాయోయ్. నిజం చెప్పాలంటే అన్నీ ఒకేలా ఉన్నాయి."

"అలా అన్నవాళ్ళకి మీరేం చెప్తారు?"

"ఇంక మార్చకూడదని." ఆయన కంప్యూటర్ వైపు చెయ్యి చూపించాడు. "నీ చెయ్యి ఏ మూలకి వెళ్తోందో అదే వేస్తాను. మొదటిదే."

ఆదివారం అదే వేశాడు. ప్రింటర్ సరిచూశాడు. వేళ్ళు దురద పెడుతున్నా ఇంకేమీ ముట్టుకోకుండా లేచి, పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళి భార్య చేతిలో పెట్టాడు. ఆవిడ తీసుకుంది. బడి సంగతి అడగడానికి ఆయనకు నోరు రాలేదు.

సోమవారం ఆవిడ ఒక పెద్దావిడతో మాట్లాడుతూనే మౌస్ కదిపింది. బాణం ఎడమ కింది మూలకు వెళ్ళింది. గుర్తు అక్కడే ఉంది. ఆవిడ గమనించనైనా లేదు, మాట ఆపకుండానే చీటీ ప్రింటు తీసి ఇచ్చింది. అద్దాలాయన గమనించాడు. ఇంతలో ఆవిడ ఫోన్ మోగింది. బడి నుంచే. ఆయన కుర్చీలో కూర్చుని కాలు ఊపుతూ, తుడిచిన అద్దాన్నే తుడుస్తున్నాడు.

"లేదండీ, రాలేను" అంది ఆవిడ. ఆయన ప్రాణం లేచివచ్చింది. అంతలోనే ఆవిడ ఆయన వైపు తిరిగి చూసి, ఫోన్‌లో ఇంకో ముక్క చేర్చింది.

"ప్రస్తుతానికి."

ఊగుతున్న కాలు ఆగింది.